గాలికి కాపలా ఉండాలి - తాళంచెవి ఎవరి దగ్గర?

గాలి ఎవరి సొత్తు?

ఈ ప్రశ్న వేదాంతులు వేసుకునేది కాదు. మన సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో దీనికి సూటిగా జవాబు చెప్పింది. క్రికెట్ పోటీల ప్రసారం విషయంలో కేంద్ర సమాచార ప్రసార శాఖకూ, బెంగాల్ క్రికెట్ సంఘానికీ మధ్య నడిచిన వ్యాజ్యం అది. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అనీ, వాటిని ప్రజల మేలు కోసమే వాడాలనీ, వాడకం మీద అదుపు ఉండాలనీ ఆ తీర్పు సారాంశం. మంచిదే. ఆస్తి మనదే అని కోర్టు చెప్పింది. మరి ఆ ఆస్తికి కాపలా కాస్తున్నది ఎవరు?

ఢిల్లీలో వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం అని ఒకటుంది. 1952 నుంచీ ఉంది. కాని ఆ కార్యాలయం ఉద్యోగి ఎవరూ మన హాస్టలు వరండాలో వచ్చి నిలబడలేదు. అక్కడ గోడకు తగిలించిన వైఫై డబ్బా ఎంత బిగ్గరగా మాట్లాడాలో, ఏ ఛానెల్లో మాట్లాడకూడదో చెబుతున్నది ఆ డబ్బాలోనే ఉన్న కొన్ని వరుసల సాఫ్ట్‌వేర్. చట్టం పార్లమెంటులో పుట్టి, గెజిట్లో అచ్చయి, చివరికి ఒక కంప్యూటర్ పట్టికలో కాపురం పెట్టింది. దాన్ని ఎవరు రాశారు, ఎవరు చదవగలరు, ఎవరు సరిదిద్దగలరు అన్నది ఇంజనీరింగు విద్యార్థులకు మాత్రమే పట్టవలసిన విషయం కాదు. ఫోను జేబులో పెట్టుకుని తిరిగే ప్రతివాడికీ పట్టవలసిన విషయం. ఈ వ్యాసం దాని గురించే.

దేశానికో వంతు

కాలువ కింద వ్యవసాయం తెలిసినవాళ్ళకు ఈ సంగతి సులువుగా బోధపడుతుంది. కాలువ ఒకటే. రైతులు అనేకులు. ఎవరి వంతు వాళ్ళు తీసుకుంటే అందరి చేలూ పండుతాయి. ఒకడు తూము బార్లా తెరిస్తే దిగువవాడి మడి ఎండుతుంది. రేడియో తరంగాలూ అంతే. ఒకే పౌనఃపున్యం మీద ఇద్దరు ఒకేసారి గట్టిగా అరిస్తే ఇద్దరి మాటా ఎవరికీ వినపడదు. అందుకే జెనీవాలోని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రపంచాన్ని 3 ప్రాంతాలుగా విభజించి, ఏ బ్యాండు దేనికో పెద్ద గీతలు గీస్తుంది. మనం మూడవ ప్రాంతంలో ఉన్నాం. ఆ పెద్ద గీతల లోపల ఎవరి చిన్న గీతలు వాళ్ళు గీసుకునే హక్కు ప్రతి దేశానికీ ఉంది.

ఆ చిన్న గీతల దగ్గరే తేడాలు. వైఫైకి అందరూ వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండునే తీసుకోండి. 5 మెగాహెర్ట్జ్‌కు ఒకటి చొప్పున ఛానెళ్ళు. మన దేశంలో, ఐరోపాలో 13 ఛానెళ్ళు. అమెరికాలో అమ్మే పరికరాలు మామూలుగా 11 తోనే ఆగిపోతాయి. పై బ్యాండులోకి తరంగం చిందకూడదని అక్కడి నిబంధన గట్టిది కాబట్టి 12, 13 జోలికి తయారీదారులు పోరు. జపాన్‌వాళ్ళు 14వ ఛానెల్ కూడా ఇచ్చారు గాని అది పాతకాలపు నెమ్మది పద్ధతికే. ఇక గొంతు సంగతి. ఇదే బ్యాండులో ఐరోపాలో 100 మిల్లీవాట్లు దాటకూడదు. మన దేశంలో 2005 నాటి నియమాల ప్రకారం యాంటెన్నా బలం కూడా కలుపుకుని 4 వాట్ల దాకా పోవచ్చు. అంటే ఐరోపా హద్దుకు 40 రెట్లు! ఒకే కంపెనీ, ఒకే డబ్బా, ఒకే చిప్పు. దిగిన రేవును బట్టి దాని గొంతు మారాలి.

అమెరికా నుంచి బావగారు తెచ్చిన లాప్‌టాప్‌కు ఇంట్లో వైఫై కనపడకపోవటం చాలామందికి అనుభవమే. పక్కనే ఉన్న ఇక్కడి ఫోనుకు కనపడుతుంది, దానికి కనపడదు. "సరుకు మంచిది కాదేమో" అని ఇంట్లోవాళ్ళు అనుమానిస్తారు. సరుకులో లోపమేం లేదు. ఇంటి రౌటర్ ఆ రోజు 13వ ఛానెల్ ఎంచుకుని ఉంటుంది. లాప్‌టాప్ అమెరికా చట్టం కడుపులో పెట్టుకుని వచ్చింది; 13వ ఛానెల్ దాని లెక్కలో లేనే లేదు. రౌటర్‌ను 1, 6, 11 ఛానెళ్ళలో ఒకదానికి మార్చితే చాలు, చుట్టరికం కలుస్తుంది.

సాఫ్ట్‌వేర్ చట్టాన్ని ఎట్లా పాటిస్తుంది?

ఈ పని బాహాటంగా, అందరూ చూసేలా చేసి చూపించింది లినక్స్. దాని కథ చెప్పుకోదగ్గది.

చాలా ఏళ్ళు వైర్‌లెస్ చిప్పుల కంపెనీలు ఒకటే పాట పాడాయి. "మా డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తెరిచి చూపిస్తే జనం శక్తి పెంచేస్తారు, నిషిద్ధమైన ఛానెళ్ళలోకి పోతారు, ప్రభుత్వాలు మమ్మల్ని పట్టుకుంటాయి" అని. అథెరాస్ కంపెనీ చిప్పులకు లినక్స్‌లో డ్రైవర్ ఉండేది గాని, రేడియోను తాకే కీలకభాగం మూసిన డబ్బాలాగే ఉండేది. బయటి ప్రోగ్రామర్లు కష్టపడి దానికి బదులు సొంతంగా రాసుకున్నారు. ఆకాశమేం విరిగిపడలేదు. చివరికి 2008 జూలైలో అదే కంపెనీ తన కొత్త చిప్పులకు పూర్తిగా తెరిచిన డ్రైవర్‌ను తానే ఇచ్చింది. అదే ఏడాది లినక్స్ కెర్నెల్లో దేశదేశాల రేడియో నిబంధనలకు ఒక ఉమ్మడి ఏర్పాటు వచ్చింది.

ఆ ఏర్పాటులో గుండెకాయ ఒక పట్టిక. మామూలు అక్షరాల్లో రాసిన ఫైలు. ప్రతి దేశానికీ రెండక్షరాల గుర్తు, మనది ఐ.ఎన్. ఆ గుర్తు కింద కొన్ని వరుసలు: ఏ పౌనఃపున్యం నుంచి ఏ పౌనఃపున్యం దాకా, ఎంత వెడల్పుగా, ఎంత శక్తితో, ఏ షరతు మీద. "ఇంట్లోనే వాడాలి", "రాడార్ ఉందేమో వినాలి" లాంటివి షరతులు. అంతే. ఇంటర్ చదివే కుర్రవాడు కూడా చదివి అర్థం చేసుకోగలడు. పట్టికను మధ్యలో ఎవరూ దిద్దకుండా దాని మీద డిజిటల్ సంతకం ఉంటుంది. 2018 జనవరిలో వచ్చిన 4.15 కెర్నెల్ నుంచి ఆ సంతకాన్ని కెర్నెలే సరిచూసుకుని పట్టికను నేరుగా చదువుకుంటున్నది.

యంత్రానికి తానే దేశంలో ఉన్నదీ తెలియనప్పుడు ఏం చేస్తుందన్నది ఇంకా ముచ్చటైన విషయం. అప్పుడది "ప్రపంచ నిబంధన" అనే దానికి లోబడుతుంది. దాని గుర్తు రెండు సున్నాలు. ఎక్కడైనా చెల్లే 1 నుంచి 11 ఛానెళ్ళలో మాట్లాడుతుంది. 12, 13లోనూ, 5 గిగాహెర్ట్జ్ బ్యాండులోనూ తనంతట తాను నోరు విప్పదు. ముందు చెవులు రిక్కించి వింటుంది. అక్కడ ఇంకో కేంద్రం మాట్లాడుతూ ఉంటే, "సరే, ఈ ఊళ్ళో ఇది ఒప్పుకున్నదే" అని అప్పుడు కలుస్తుంది. కొత్త ఊళ్ళో దిగిన పెద్దమనిషి లక్షణం! పైగా చాలా కేంద్రాలు తమ ప్రకటనలో "ఇది ఫలానా దేశం" అని కూడా చెబుతుంటాయి. ఆ మాటను కూడా యంత్రం చెవిని వేసుకుంటుంది.

పోనీ, కంపెనీ చిప్పులో ఒక దేశం పేరు చెక్కి పంపింది, వాడేవాడు ఇంకో దేశం పేరు చెప్పాడు, అప్పుడు? రెండు నిబంధనల్లోనూ ఉమ్మడిగా ఒప్పుకున్నంత వరకే పోతుంది. అత్తవారింటి మర్యాద, పుట్టింటి మర్యాద రెండూ తప్పని కోడలి పరిస్థితి. వాడేవాడి మాట వల్ల అదుపు బిగియవచ్చునే గాని సడలదు.

ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. చట్టాన్ని పాటించటానికి చీకటి అవసరం లేదు. పట్టిక అందరి కళ్ళ ముందూ ఉంది. ఏ వరుస తప్పో ఎవరైనా చెప్పవచ్చు. కాకపోతే ఆ దేశపు అధికార పత్రం చూపించాలి. ఊరికే "మా దేశంలో ఇది ఒప్పే" అంటే కుదరదు. గెజిట్ తెచ్చి చూపించు, వరుస మారుతుంది. ఇంతకంటే సభ్యమైన పద్ధతి ఏ ప్రభుత్వ కార్యాలయంలో ఉంది చెప్పండి?

అదుపు ఎందుకు?

ఇక్కడ కొందరు మిత్రులు తొందరపడతారు. "గాలి ప్రజల ఆస్తి అన్నారు గదా, మరి ఈ అదుపులన్నీ ఎందుకు? ఎవడిష్టం వాడిది" అంటారు. ఆ వాదంతో నేను ఏకీభవించను.

1985 ఆగస్టు 2న అమెరికాలో డల్లాస్ విమానాశ్రయం దగ్గర డెల్టా కంపెనీ విమానం దిగబోతూ, ఉరుముల మేఘంలో నుంచి ఒక్కసారిగా కిందికి విరుచుకుపడిన గాలికి చిక్కి కూలిపోయింది. 137 మంది చనిపోయారు. అలాంటి ప్రమాదాలు కొన్ని జరిగాక, ఆ గాలిని ముందుగా పసిగట్టటానికి పెద్ద విమానాశ్రయాల దగ్గర ప్రత్యేకమైన వాతావరణ రాడార్లు పెట్టారు. అవి పనిచేసేది 5600 నుంచి 5650 మెగాహెర్ట్జ్ మధ్య. అంటే సరిగ్గా మన వైఫై వాడే 5 గిగాహెర్ట్జ్ ఇలాకాలో.

2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సమావేశం ఈ బ్యాండులో కొంత భాగాన్ని వైఫైలాంటి వాటికి ఇస్తూ ఒక షరతు పెట్టింది: రాడార్ పాత కాపు, మీరు కొత్తవాళ్ళు, దానికి దారి ఇవ్వాలి. దాన్ని అమలుచేసేది సాఫ్ట్‌వేరే. రాడార్ ఉండే ఛానెల్లో మాట్లాడబోయే ముందు రౌటర్ 60 సెకన్లు మౌనంగా వినాలి. ఐరోపాలో వాతావరణ రాడార్ల ఛానెళ్ళయితే 10 నిమిషాలు వినాలి. మాట్లాడుతుండగా రాడార్ చప్పుడు తగిలితే 10 సెకన్లలో ఖాళీ చెయ్యాలి; 30 నిమిషాల దాకా మళ్ళీ ఆ గడప తొక్కకూడదు. రాత్రిపూట హఠాత్తుగా వైఫై తెగి మళ్ళీ వస్తే విసుక్కుంటాం. ఒక్కొక్కసారి అది ఈ మర్యాద వల్ల కూడా కావచ్చు.

ఆ మర్యాద తప్పితే ఏమవుతుందో 2009లో ప్యూర్టో రికోలోని సాన్ హువాన్‌లో తేలింది. ఇంటర్నెట్ అమ్ముకునే వాళ్ళు మేడల మీదా టవర్ల మీదా పెట్టిన పరికరాలు విమానాశ్రయం రాడార్ తెర మీద గీతలు గీశాయి. ఆరా తీస్తే, కొన్నింటిలో రాడార్‌ను వినే ఏర్పాటు సరిగా లేదు, కొన్నింటిలో ఆపేసి ఉంది. అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ జరిమానాలు వేసింది.

దివిసీమ పేరు వింటే ఇప్పటికీ ఒళ్ళు జలదరించే జిల్లాల పిల్లలం మనం. 1977 నవంబరు 19 రాత్రి వేలాది ప్రాణాలు ఉప్పెనలో కలిసిపోయాయి. ఆకాశంలో ఏం వస్తున్నదో ముందుగా తెలియటం విలువ మనకు ఒకరు చెప్పనక్కరలేదు. మన విశాఖపట్నం, మచిలీపట్నం వాతావరణ రాడార్లు ఎస్ బ్యాండులో పనిచేస్తాయి కాబట్టి వాటికి ఈ వైఫై పీడ లేదు. కాని జైపూర్, తిరువనంతపురం లాంటి చోట్ల సీ బ్యాండు రాడార్లు ఉన్నాయి. వాటి వీధిలోనే మన 5 గిగాహెర్ట్జ్ వైఫై కూడా కాపురం ఉంటున్నది. కాబట్టి అదుపు ఉండి తీరాలి. దాని గురించి నాకు రెండో అభిప్రాయం లేదు.

లస్కరు ఇంటి తాళం పట్టుకుపోతే?

కాని అదుపు పేరుతో ఏం జరుగుతున్నదో కూడా చూడాలి.

సాన్ హువాన్ అనుభవం తర్వాత అమెరికా కమిషన్ 2014లో 5 గిగాహెర్ట్జ్ నియమాలు తిరగరాసింది. నిబంధన దాటించేలా బయటివాళ్ళు సాఫ్ట్‌వేర్ మార్చకుండా తయారీదారులు భద్రత కల్పించాలన్నది. ఇంతవరకూ న్యాయమే. 2015 మార్చిలో ఇచ్చిన మార్గదర్శక పత్రంలో మాత్రం, డీడీ-డబ్ల్యూఆర్‌టీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను పేరు పెట్టి మరీ, అది మీ పరికరంలో ఎక్కకుండా ఏం ఏర్పాటు చేశారో చెప్పమని అడిగింది.

ఆ ఒక్క ప్రశ్న ఎంత పని చేసిందో చూడండి. రౌటర్‌లో రేడియో ఒక భాగం. మిగిలినదంతా చిన్న కంప్యూటర్. రేడియో ఒక్కదానికి తాళం వెయ్యటం ఖర్చుతో కూడిన పని. మొత్తం డబ్బాకు తాళం వేస్తే చవక. వ్యాపారి ఏది ఎంచుకుంటాడు? తూముకు తాళం వెయ్యమంటే లస్కరు రైతు ఇంటి తలుపుకు కూడా తాళం వేసి చెవి జేబులో వేసుకుపోయినట్టయింది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవటం అంటే ఇదే.

జనం ఊరుకోలేదు. 2015 అక్టోబరులో ఇంటర్నెట్ పితామహుల్లో ఒకడైన వింట్ సెర్ఫ్, నెట్‌వర్కుల జాప్యం తగ్గించటానికి పాటుపడిన డేవ్ టాట్, వాళ్ళతో పాటు సుమారు 260 మంది నిపుణులు కమిషన్‌కు లేఖ రాశారు. తాళాలు వద్దు, సాఫ్ట్‌వేర్ మూలం బయటపెట్టించండి, భద్రతా లోపాలు సకాలంలో సరిదిద్దించండి, అదే అసలైన రక్షణ అన్నారు. నవంబరులో కమిషన్ తన పత్రాన్ని సవరించి ఆ పేరు తీసేసింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను నిషేధించటం మా ఉద్దేశం కాదంది. 2016 ఆగస్టులో టీపీ-లింక్ కంపెనీ 2 లక్షల డాలర్లు కట్టి కమిషన్‌తో రాజీపడింది. దేశం పేరు మార్చితే కొన్ని రౌటర్లు అమెరికా ఒప్పుకోని శక్తితో పనిచేయటం దాని మీద ఆరోపణ. ఆ రాజీలోనే, బయటి సాఫ్ట్‌వేర్ వేసుకునే వీలు ఉంచుతూ రేడియోను అదుపులో పెట్టే మార్గాలు వెతకాలన్న షరతు కూడా ఉంది. చట్టమూ నిలబడవచ్చు, స్వేచ్ఛా నిలబడవచ్చు అని ఆ కమిషనే ఒప్పుకున్నట్టయింది గదా!

"అమెరికా గొడవ మనకెందుకు?" అనకండి. వాళ్ళ బజారు కోసం తాళం వేసిన నమూనాయే మన అబిడ్స్‌కూ, బెజవాడ బీసెంట్ రోడ్డుకూ వచ్చి చేరుతుంది. మన దేశం అడగని తాళం మన ఇంట్లో పడుతుంది.

ఆ తాళం వల్ల పోయేదేమిటి? మొదటిది చదువు. 2003లో లింక్‌సిస్ కంపెనీ ఒక రౌటర్ సాఫ్ట్‌వేర్ మూలాన్ని లైసెన్సు షరతుకు లోబడి బయటపెట్టవలసి వచ్చింది. ఆ మూలం మీదే మరుసటి ఏడు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది. ఆ తర్వాత ఎంతమంది విద్యార్థులు నెట్‌వర్కు అంటే ఏమిటో పుస్తకంలో కాకుండా చేత్తో నేర్చుకున్నారో! రెండోది ఆయుష్షు. కంపెనీ మూడేళ్ళకు ఆ నమూనాను మరిచిపోతుంది. దాని సాఫ్ట్‌వేర్‌లో బయటపడ్డ కన్నాలను పూడ్చే నాథుడుండడు. తాళం లేకపోతే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఇంకో ఐదేళ్ళు వాడుకోవచ్చు. తాళం ఉంటే చెత్తబుట్టే గతి. ఇరవై మంది విద్యార్థులు చందాలేసుకుని కొన్న డబ్బా అది. మూడోది నమ్మకం. మూసిన డబ్బా చట్టాన్ని పాటిస్తున్నదో లేదో కూడా మనకు తెలియదు. కంచె ఉన్నదన్న మాటే గాని, కంచె చేను మేస్తున్నదేమో చూసేందుకు సందు లేదు.

"తెరిస్తే దొంగలు వాడుకుంటారు" అనేవాళ్ళకు నా సమాధానం రెండు మాటలు. సాన్ హువాన్‌లో నేరం చేసింది రాత్రి కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసుకునే కుర్రాళ్ళు కాదు, కంపెనీలు అమ్మిన పరికరాలు వాడి వ్యాపారం చేసినవాళ్ళు. ఇక మామూలువాడు శక్తి పెంచుకుంటే వాడికి దక్కేది కూడా తక్కువే. రౌటర్ ఎంత గట్టిగా అరిచినా, గదిలోని ఫోను మెల్లగా ఇచ్చే జవాబు దానికి వినపడాలి గదా! ఒకవైపు అరుపుతో సంభాషణ సాగదు.

మన సంగతి

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర పెట్టుకోవటమే నేరం. మన తాతల కాలంలో ఇంట్లో రేడియో పెట్టుకోవాలంటే పోస్టాఫీసుకు పోయి, లైసెన్సు పుస్తకంలో ఏటా రుసుం కట్టి రావలసిందే. 1980లలో గాని ఆ బాధ తప్పలేదు. మన వైఫై కూడా పుట్టుకతో వచ్చిన హక్కు కాదు. ఆ చట్టం నుంచి దొరికిన మినహాయింపు. 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుకూ, ఇంటిలోపల వాడకానికి 5 గిగాహెర్ట్జ్‌లో రెండు ముక్కలకూ లైసెన్సు మినహాయించారు. మధ్యలో 5470 నుంచి 5725 దాకా ఉన్న పెద్ద ముక్క మాత్రం అప్పుడు ఇవ్వలేదు. 2018 అక్టోబరు గెజిట్‌తో అదీ తెరుచుకుని, 5 గిగాహెర్ట్జ్‌లో మొత్తం 605 మెగాహెర్ట్జ్ మన చేతికొచ్చింది. 6 గిగాహెర్ట్జ్‌లో అమెరికా 2020లోనే 1200 మెగాహెర్ట్జ్ ఇచ్చేసింది. మన ప్రభుత్వం అందులో కింది 500 మెగాహెర్ట్జ్‌కు 2025 మే నెలలో ముసాయిదా నియమాలు ప్రకటించింది.

గెజిట్ మారింది, సరే. మన డబ్బాలకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? గెజిట్ వాక్యాన్ని యంత్రం చదవలేదు. "ఇందుమూలముగా" అని మొదలయ్యే న్యాయభాషలోని వాక్యాన్ని ఎవరో ఒక మనిషి కూర్చుని చదివి, అంకెలు తీసి, పట్టికలో వరుసగా దించాలి. లినక్స్ పట్టికలో ఆ పని ఎవరో స్వచ్ఛందంగా చేస్తారు. మూసిన డబ్బాల్లో కంపెనీవాడికి తీరిక దొరికినప్పుడు అవుతుంది, దొరక్కపోతే లేదు. గెజిట్ ఇచ్చిన హక్కు డబ్బా దాకా రాకపోతే ఆ హక్కు కాగితం మీదే మిగిలిపోతుంది.

ఈ ఖాళీలో నుంచే హాస్టళ్ళలో ఒక చిట్కా పుట్టింది. "దేశం దగ్గర అమెరికా అని పెట్టరా, ఛానెళ్ళు ఎక్కువొస్తాయి" అంటారు. పొరుగింటి పుల్లకూర రుచి! అలా పెడితే మన చట్టం ఇచ్చిన 12, 13 పోతాయి. మన చట్టం ఇంకా ఇవ్వనివి తెరుచుకోవచ్చు. మన గాలిలో ఉండి పరాయి చట్టం పాటించటం లాభమూ కాదు, గౌరవమూ కాదు. కాని కుర్రవాణ్ణి తిట్టి ప్రయోజనం లేదు. మన నిబంధన ఏమిటో వాడికి అర్థమయ్యే రూపంలో ఎవరు చెప్పారు? ఎలక్ట్రానిక్స్ సిలబస్‌లో మాక్స్‌వెల్ సమీకరణాలున్నాయి. ఆ సమీకరణాల మీద నడిచే మన దేశపు చట్టం ఒక్క పేజీ కూడా మా క్లాసులో ఎవరూ చెప్పలేదు.

కాబట్టి నేను కోరేవి మూడే.

మొదటిది, ప్రభుత్వంవారు నియమాలు గెజిట్లో అచ్చువేసిన రోజునే వాటిని యంత్రం చదవగల పట్టికగా కూడా అధికారికంగా ప్రకటించాలి. అది వాళ్ళకు ఒక పూట పని. దానివల్ల ప్రతి కంపెనీ, ప్రతి స్వచ్ఛంద ప్రోగ్రామరూ ఒకే ప్రామాణిక ప్రతి చూసుకుంటారు. తప్పుడు తర్జుమాకు తావుండదు.

రెండవది, పరికరాలకు ఆమోదం ఇచ్చేటప్పుడు రేడియోకు అదుపు అడగండి, డబ్బా మొత్తానికి తాళం అడగకండి. కంపెనీ తనంతట తాను తాళం వేస్తే ఎందుకు వేశావని అడగండి. తూము తాళం లస్కరు దగ్గర ఉండాలి. ఇంటి తాళం ఇంటివాడి దగ్గరే ఉండాలి.

మూడవది మనకోసం. ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ విభాగాల ఆఖరి సంవత్సరం విద్యార్థులు ప్రాజెక్టు పేరుతో ఏటా ఏవేవో చేస్తున్నాం. వాటిలో కొన్ని బైండు చేయించిన రోజే బీరువాలోకి పోయి నిద్రపోతున్నాయి. అందుకు బదులు నలుగురు కూర్చుని మన దేశపు గెజిట్లు చదివి, ఆ పట్టికలోని ఐ.ఎన్. వరుసలతో సరిపోల్చితే ఎట్లా ఉంటుంది? తప్పుంటే పత్రం చూపించి సరిచేయించవచ్చు. హాస్టల్లో ఉన్న రౌటర్లలో ఎన్ని ఏ దేశం పేరు మీద నడుస్తున్నాయో లెక్కతీయవచ్చు. రాడార్‌ను వినే ఏర్పాటు పనిచేస్తున్నదో లేదో పరీక్షించవచ్చు. దీనికి విదేశీ నిధులు అక్కర్లేదు. ఒక పాత లాప్‌టాప్, కాస్త ఓపిక చాలు. ప్రపంచంలో ఎన్నో లక్షల యంత్రాలు చదివే పట్టికలో మన దేశం వరుస సరిగా ఉండటానికి మన కాలేజీ పిల్లలు కారణమయ్యారంటే, అంతకంటే మంచి ప్రాజెక్టు ఏముంటుంది?

ముందుముందు ఈ సమస్య పెరిగేదే గాని తరిగేది కాదు. 6 గిగాహెర్ట్జ్‌లో ఎక్కువ శక్తితో పనిచేసే పరికరాలు, తామెక్కడున్నదీ ఒక కేంద్ర కంప్యూటరుకు చెప్పి, అనుమతి తీసుకుని గాని నోరు తెరవకూడదన్న పద్ధతి అమెరికాలో అమలులోకి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి కమిషన్ అలాంటి కేంద్రాలకు ఆమోదం ఇచ్చింది. రేపు అది మనకూ రావచ్చు. అప్పుడు పట్టిక మన డబ్బాలో కూడా ఉండదు, ఎక్కడో దూరాన ఎవరి చేతిలోనో ఉంటుంది. అడుగడుగునా మన ఉనికి చెప్పుకుని అనుమతి పొందాలి. ఆ రోజు వచ్చేలోగా, ఇప్పుడున్న చిన్న పట్టికను చదవటమైనా మనం నేర్చుకోకపోతే, అప్పుడు ప్రశ్న అడిగే తెలివి కూడా మనకు మిగలదు.

గాలి ప్రజల ఆస్తి అని కోర్టు చెప్పి ముప్పై ఏళ్ళు దాటింది. దస్తావేజు మన పేర ఉంది. కాని దస్తావేజు చదువు రానివాడి ఆస్తి ఎవరి చేతిలోకి పోతుందో మన పల్లెటూళ్ళలో అందరికీ తెలుసు. చదువుకున్నవాళ్ళం. ముందు మనం చదువుదాం.